మా కొత్తూరి గుర్రాల తొట్టి

ఉగాదికి వారం ముందు మా చిన్నాయన ఫోన్ చేశాడు. "అబ్బీ, తొట్టిని అడుగుతాండారు. నలభై వేలు చేతిలో పెడతామంటాండారు. ఊర్లో సగం మందికి ఇచ్చేద్దామనే ఉంది. నువ్వొకసారి రావల్ల" అన్నాడు. ఏ తొట్టి అని నేను అడగలేదు. మా ఊళ్లో ఇంటింటికీ సిమెంటు తొట్లున్నాయి, ఉపాధి హామీ పనుల్లో పశువులకని కట్టిన తొట్టి ఊరి బయట ఒకటుంది, అయినా ఒట్టి 'తొట్టి' అన్నామంటే అది గుర్రాల తొట్టే.

కర్నూలులో బస్సెక్కి, నందికొట్కూరులో దిగి, ఆటో పట్టుకుని కొత్తూరు చేరేదాకా ఒకటే టెన్షన్, నేను పోయేలోపలే లారీ ఎక్కించేశారేమోనని. అడిగినవాళ్లు పాత సామాను కొనేవాళ్లు. రోళ్లు, తిరగళ్లు, పాత తలుపులు, రాతి స్తంభాలు ఊరూరా తిరిగి కొనుక్కుని హైదరాబాదు, బెంగళూరు చుట్టుపక్కల ఫామ్‌హౌసులకూ రిసార్టులకూ అమ్ముకుంటారు. వాళ్ల వ్యాపారం వాళ్లది, అందులో నాకు తప్పు కనపడలేదు. కానీ మా తొట్టిలో తామరపూలు పెంచుతారంట అని చిన్నాయన చెప్పిన మాట మాత్రం నన్ను వదల్లేదు.

దిగీదిగగానే ఇంటికి కూడా పోకుండా తొట్టి దగ్గరికే పోయాను. ఉంది. నాలుగు వీధులు కలిసే చోట, చెడిపోయిన బోరింగు పక్కన, సగం ఇసుకతో నిండి, పైన ఎవరిదో ఇటుకల కుప్ప పెట్టుకుని ఉంది. ఇటుకలు తీసి పక్కన పేర్చి, ఇసుక తోడి, ఇంట్లో నుంచి టేపు తెప్పించి కొలిచాను. యాభై ఏళ్లుగా చూస్తున్న రాయిని కొలవాలని ఎప్పుడూ అనిపించలేదు, పోతుందంటేనే కొలతలు గుర్తొచ్చాయి. బయట నుంచి పొడవు 6 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 2 అడుగుల 3 అంగుళాలు, ఎత్తు 1 అడుగు 9 అంగుళాలు. లోపల గుంత పొడవు 5 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు అడుగున్నర, లోతు అడుగుంబావు. లెక్క వేస్తే అంచుదాకా నింపితే 290 లీటర్లు పడుతుంది. రాయి బరువు ఒక టన్ను దాటుతుంది.

అంతా ఒకటే రాయి. ఈ మాట మళ్లీ చెప్పాలి, ఎందుకంటే మా వైపు దొరికేది నాపరాయి. బేతంచెర్ల బండలు తెలియనివాళ్లు లేరు, మా ఇళ్ల గచ్చులు, అరుగులు, కొన్ని ఊళ్లలో ఇంటి కప్పులు కూడా అవే. నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది, బల్లల్లాగా వస్తుంది, అందుకే అంత వాడకం. తొట్టి కావాలంటే అయిదు బండలు నిలబెట్టి మూలల్లో సున్నమో సిమెంటో పెట్టి కడతారు, నాలుగు ఎండాకాలాలు గడిస్తే మూలలు కారడం మొదలవుతుంది. ఈ తొట్టికి మూలల్లో అతుకు లేదు. నల్లగా, అక్కడక్కడ తెల్ల చుక్కలతో, పొర అన్నది లేని గట్టి రాయి. దాన్ని పడమటి గుట్టల వైపు నుంచి తెచ్చినవాళ్లు మొదట దిమ్మెగా కొట్టుకొచ్చి, ఊళ్లోనే ఉలితో తొలిచి ఉంటారు. లోపల చెయ్యి పెట్టి తడిమితే ఉలి దెబ్బలు వరసగా, వాలుగా, ఒకే అంతరంతో తగులుతాయి. మొదలుపెట్టిన మూల నుంచి చివరి మూలదాకా చెయ్యి మారలేదు, ఒకే మనిషి పని అది. అడుగున తూము వైపుకు సన్నటి వాలు కూడా పెట్టాడు. నీళ్లు పోసి చూస్తే తప్ప కంటికి తెలియదు.

తూము అంటే ఒక చివర పక్క గోడకు, అడుగున, రెండు వేళ్లు పట్టేంత కంత. దానికి తుమ్మకర్ర బిరడా ఉండేది. బిరడాకు గుడ్డ పీలిక చుట్టి బిగించేవాళ్లు. తూముకు ఎదురు చివర, పై అంచు మూలలో, రాయిని ఆ పక్క నుంచి ఈ పక్కకు తొలిచిన ఇంకో కంత ఉంది. అది పగ్గం కట్టుకోవడానికి. ఆ కంత లోపల అద్దంలాగా నున్నగా ఉంటుంది. తాళ్లు ఎన్నేళ్లు ఒరుసుకుంటే నల్లరాయి అంత నునుపు తేలాలో మీరే ఊహించుకోండి. పొడుగు వైపు గోడ మీద, సరిగ్గా మధ్యలో, ఒక గుండ్రం, దాని పక్కన ఒక నెలవంక. సూర్యుడు, చంద్రుడు. దానశాసనాల రాళ్ల మీద పైన చెక్కేది ఈ రెండే. ఇచ్చింది సూర్యచంద్రులు ఉన్నంతకాలం నడవాలని దాని అర్థం. మా తొట్టి మీద ఒక్క అక్షరం లేదు, ఇచ్చిన మనిషి పేరు లేదు, ఈ గుర్తులు రెండే ఉన్నాయి. మనుషులకు చలివేంద్రం పెట్టినట్టు నోరులేని జీవాలకు పెట్టిన చలివేంద్రం ఇది. పేరు కూడా వేసుకోకుండా ఇచ్చిన ఆ మనిషి మీద నాకు పెద్ద గౌరవం.

గుర్రాలెక్కడివి అని ఈ కాలం పిల్లలు అడుగుతారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయిన మా పాత ఊరు నది గట్టున రేవు దగ్గర ఉండేది, ఈ తొట్టి అక్కడిదే. మా జేజినాయన చిన్నప్పుడు ఆత్మకూరు వైపు నుంచి, నందికొట్కూరు వైపు నుంచి జట్కాలు రేవుదాకా వచ్చేవి, అవతలి ఒడ్డుకు పోయేవాళ్లు అక్కడ దిగి పుట్టి, అంటే గుండ్రటి చిన్న పడవ, ఎక్కేవాళ్లు. సర్కారు మనుషులు గుర్రాల మీద వచ్చేవాళ్లు. మనుషులూ జీనులూ మూటలూ పుట్టిలో, గుర్రం మాత్రం పగ్గం పట్టుకుంటే పుట్టి వెనకాల ఈదుకుంటూ పోయేది. అటు నుంచి ఈది వచ్చిన గుర్రాన్ని గట్టెక్కించి, ఒళ్లు గడ్డితో రుద్ది, కాసేపు నడిపించి, అప్పుడు తొట్టి దగ్గరికి తెచ్చేవాళ్లు. తొట్టికి పది అడుగుల దూరంలో లాడాలు కొట్టే సాయిబు కొలిమి. జేజినాయన ఆయన్ని తాత అని పిలిచేవాడంట.

పక్కనే నది పెట్టుకుని తొట్టి ఎందుకు అని మీకు అనుమానం రావచ్చు. మా వైపు నదిని ఎండాకాలంలో చూసినవాళ్లకు రాదు. వానాకాలంలో గట్టు ఒరుసుకుని పారే నీళ్లు ఫాల్గుణం వచ్చేసరికి ఎక్కడో దూరంగా, ఇసుక మధ్యలో, ఒక పాయగా మిగిలేవి. కాలే ఇసుకలో అంత దూరం దిగి మళ్లీ గట్టెక్కితే తాగిన నీళ్లు అక్కడికే సరి. అందుకే గట్టు మీద బావి, బావి పక్కన తొట్టి. బావిలో నుంచి చేదిన కడవను తొట్టిలోకి వంచడం ఆ దారిన పోయే ఎవరి పనైనా సరే. ఫలానా వాళ్లు నింపాలి అని ఉండేది కాదు. నీళ్లకు పోయిన ఆడవాళ్లు తమ బిందెలు నింపుకున్నాక ఒక కడవ తొట్టిలో పోసి వచ్చేవాళ్లు, మా జేజి బతికున్నంతకాలం ఆ లెక్క తప్పలేదు.

గుర్రం రోజుకు పాతిక నుంచి యాభై లీటర్లు తాగుతుంది, ఎండకు పరిగెత్తిందంటే ఇంకా ఎక్కువే. బర్రెలాగా మురికి నీళ్లలో మూతి పెట్టదు. వాసన వస్తే, పాచి పడితే, ఎంత దప్పికైనా మూతి తిప్పుకుంటుంది. కుడితి తొట్టికీ గుర్రాల తొట్టికీ తేడా ఇక్కడే. గుర్రాల తొట్టి రోజూ కడగాలి, అందుకే ఆ తూము, ఆ వాలు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత చెప్తారు కదా, నీళ్ల విషయంలో కూడా దానికి ఏ తక్కువా పనికిరాదు. ఆ రోజుల్లో గుర్రం విలువ కూడా అంతే ఉండేది. విజయనగరం వచ్చిన పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్, రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని రాసిపెట్టాడు. అంతకుముందు సాళువ నరసింహరాయల కాలంలో సముద్రం మీద వస్తూ గుర్రం చచ్చిపోతే తోక తెచ్చి చూపించినా బతికున్న గుర్రం ధర ఇచ్చేవాళ్లని కూడా రాశాడు. మా పెద్దవాళ్లు ఈ తొట్టిని రాయలకాలం నాటిదే అంటారు. నాకైతే దాని వయసు కన్నా పని ముఖ్యం. ఇంత కరువు సీమలో గుర్రాలకూ మనుషులకూ నీళ్లు పోయగలిగినవాడిదే గెలుపు. గుత్తి కోట చూసినవాళ్లకు తెలుసు, ఎంత ఎత్తు, ఎన్ని బురుజులు! పేరుమోసిన గుర్రపు దళం ఉన్న మురారిరావు ఘోర్పడే 1776లో హైదరాలీకి ఆ కోటను అప్పగించింది గోడలు కూలి కాదు, పైన నీళ్లు అయిపోయి.

1981 ఎండాకాలం. నాకు పదకొండేళ్లు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో పునాదిరాయి వేసినప్పటి నుంచి ఊరు మునుగుతుందని అంటూనే ఉన్నారు, అంటూ అంటూ పద్దెనిమిదేళ్లు గడిచాయి, కాబట్టి మునగదని నమ్మినవాళ్లే ఎక్కువ. ఆ ఏడాది నమ్మక తప్పలేదు. 885 అడుగుల మట్టందాకా నీళ్లు నిలబడతాయి అన్నారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్లు, లక్షకు పైగా జనం. ఆ ఎండాకాలం గురించి, పరిహారం కాగితాల గురించి, ఇంటి దూలాలు పీకేటప్పుడు మా జేజి ఏడ్చిన ఏడుపు గురించి ఇక్కడ రాయను. అది తొట్టితో కలిపి రాసేది కాదు.

గుడుల సంగతి మాత్రం చెప్పాలి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, ఆలంపూరులో మళ్లీ నిలబెట్టారు. రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీదికి మార్చారు. గొప్ప పని, చేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. సప్తనదీ సంగమం దగ్గర వేపదారు లింగం ఉన్న సంగమేశ్వరం ఉన్నచోటే ఉండిపోయింది, ఇప్పటికీ ఏడాదిలో కొన్ని నెలలు నీళ్లలో నుంచి బయటికొచ్చి దర్శనమిస్తుంది. అయితే తొట్టికి నంబరు ఎవరు వేస్తారు? రచ్చబండకు, బావి గిలకకు, పగ్గం ఒరుసుకున్న కంతకు నంబర్లు ఉండవు. లిస్టు రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి ఇళ్లు రాశాడు, చెట్లు రాశాడు, బావులు రాశాడు. తొట్టి చూపిస్తే "ఇది రాయి కదా" అని పోయాడంట.

అప్పుడు మా జేజినాయన అన్నాడంట, "వాళ్లు రాసుకోకపోతే మనది కాకుండా పోతుందా, బండి కట్టండి" అని.

మా చిన్నాయనకు అప్పుడు ఇరవై ఏడేళ్లు. టన్ను బరువున్న రాయిని బండిలోకి ఎత్తడం ఎవరి వల్లా కాదు, కాబట్టి బండినే రాయి కిందికి దించారు. రెండు గుంతలు తవ్వి చక్రాలు వాటిలోకి దింపితే బండి పరుపు నేలకు సమానంగా వచ్చింది. తొట్టి కిందికి గడ్డపారలు దూర్చి, లేపి, తుమ్మ దుంగలు పెట్టి, మోకులు కట్టి, పద్నాలుగు మంది దొర్లించుకుంటూ బండి మీదికి చేర్చారు. తర్వాత గుంతల ముందు మట్టి వాలుగా తవ్వి, రెండు జతల ఎద్దులు పూన్చి లాగారు. మొదటి లాగుడుకు కదల్లేదు. రెండోసారి మోకు తెగింది. మూడోసారి బండి పైకొచ్చినప్పుడు పిల్లలందరం ఈలలు వేశాం, జేజినాయన మాత్రం ఇరుసు దగ్గర కూర్చుని కందెన పెడుతున్నాడు. కర్నూలు అసలు పేరు కందెనవోలు అని మీకు తెలుసు కదా, ఆలంపూరు గుడులకు రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవని, దాని మీద ఆ పేరు వచ్చిందని చెప్తారు. బళ్లో ఆ పాఠం చెప్పినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది నల్లటి చేతులతో ఇరుసు దగ్గర కూర్చున్న జేజినాయనే.

పద్నాలుగు కిలోమీటర్లకు రెండు రోజులు పట్టింది. రాత్రి దారిలో ఆగినచోట ఎద్దులకు ఆ తొట్టిలోనే నీళ్లు పోసి తాపారు, బండి మీద ఉండగానే.

కొత్తూరు అంటే ఏ చెట్టూ లేని రేగడి నేలలో తాడు పట్టి గీసిన ఊరు. పొడుగునా ఆరు వీధులు, అడ్డంగా నాలుగు, అన్నీ ఒకే వెడల్పు, అన్ని ప్లాట్లూ ఒకే కొలత. పాత ఊళ్లో మా ఇంటికి దారి చెప్పాలంటే వేపచెట్టు, మలుపు, పీర్లచావిడి, ఇన్ని చెప్పాలి. కొత్తూళ్లో మూడో లైను, పదకొండో నంబరు. పెద్దవాళ్లు చాలా రోజులు చీకటి పడ్డాక వేరేవాళ్ల ఇంట్లోకి పోయేవాళ్లు. మా జేజి ఒకసారి పక్క లైనులో మా నంబరు ఇంట్లోకే పోయి, పొయ్యి దగ్గర కూర్చుని, కొత్త మనిషి కనపడేసరికి ఏడ్చేసింది. ఆ ఊరికి గుర్తు పట్టే చోటు ఒకటి కావాల్సి వచ్చింది. తొట్టిని నాలుగు వీధులు కలిసేచోట బోరింగు పక్కన రెండు దిమ్మెల మీద దించారు. అంతే, మరుసటి రోజు నుంచి తొట్టికి అటు, తొట్టికి ఇటు, తొట్టి దాటి మూడో ఇల్లు. నంబర్లు కాగితాల్లో మిగిలాయి. బోరింగు కొట్టేటప్పుడు బిందె నిండాక పొర్లిన నీళ్లు తొట్టిలోకి పోయేలా చిన్న కాలువ చెక్కారు. జేజి అక్కడ కూడా ఒక కడవ ఎక్కువ కొట్టి వచ్చేది.

పోయిన ఏడాది మా చెల్లెలి కొడుకు, ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు, ఒక ఫొటో పంపించాడు. లండన్ రోడ్డు పక్కన పెద్ద గ్రానైట్ తొట్టి, దాని మీద చెక్కిన అక్షరాలు. "మామా, మన తొట్టికి అన్న దొరికాడు" అని రాశాడు. దాని కథ చదివాను. 1859లో లండన్‌లో జనానికి ఉచితంగా మంచినీళ్లు ఇవ్వాలని శామ్యూల్ గర్నీ అనే పెద్దమనిషి, ఇంకొందరు కలిసి ఒక సంఘం పెట్టారు. కలరా ఊళ్లకు ఊళ్లను ఊడ్చేస్తున్న రోజులవి. తర్వాత గుర్రాలకూ పశువులకూ కూడా తొట్లు పెట్టడం మొదలుపెట్టి, 1867లో సంఘం పేరులోనే పశువుల తొట్టి అన్న మాట చేర్చుకున్నారు. అంతకుముందు అక్కడ తాగుడు కొట్ల ముందు తొట్లుండేవి, కొన్నిచోట్ల గుర్రానికి నీళ్లు పట్టాలంటే తోలేవాడు డబ్బులైనా ఇవ్వాలి, బీరైనా కొనాలి. ఎండలో బండి లాగిన జీవానికి నీళ్లు ఉచితంగా ఇద్దామని ఎక్కడో ఒకరికి అనిపించడం చూస్తే నాకు ఎంత సంతోషమైందో! కానీ వాడు పంపిన ఫొటోలో తొట్టి నిండా మట్టి, మట్టిలో పూలమొక్కలు. అక్కడ చాలా తొట్ల పరిస్థితి ఇప్పుడు అదేనంట.

వాడే ఇంకో ఊరి గురించి కూడా చెప్పాడు. డోర్సెట్ అనే జిల్లాలో మిల్టన్ ఆబాస్ అని ఉంది. 1780 ప్రాంతంలో అక్కడి ప్రభువు జోసెఫ్ డామర్‌కు తన భవనం పక్కనే ఉన్న పాత ఊరు కంటికి అడ్డం అనిపించింది. ఊరు మొత్తం తీసేయించి, కొంచెం దూరంలో లోయలో కొత్త ఊరు ప్లాన్ వేయించి కట్టించాడు. గడ్డి కప్పుతో ముప్పై ఆరు ఇళ్లు, రోడ్డుకు అటూ ఇటూ, అన్నీ అచ్చం ఒకేలాగా. పాత ఊరి స్థలాన్ని తోటల్లో, చెరువు పనుల్లో కలిపేశారు. ఒక లాయరు ఇల్లు ఖాళీ చేయనంటే తూములు తెరిపించి నీళ్లు వదిలారని, ఆయన కోర్టుకెక్కి గెలిచాడని అక్కడ చెప్పుకుంటారంట. ఇప్పుడు దాన్ని ఇంగ్లండులోకెల్లా అందమైన ఊళ్లలో ఒకటిగా చూడడానికి జనం పోతారు. నేను ఆ ఫొటోలు చాలాసేపు చూశాను. వరసగా తెల్లటి ఇళ్లు, ముందు పచ్చిక, బాగున్నాయి నిజంగానే. నాకు మాత్రం తాడు పట్టి గీసిన ఆ వీధిలో మొదటి రోజు రాత్రి వేరేవాళ్ల ఇంట్లోకి పోయిన ముసలావిడ ఒకతి కనపడింది. అక్కడ కూడా ఒకామె ఉండే ఉంటుంది, లేకుండా ఎట్లా ఉంటుంది?

సరే, మన ఊరికి వద్దాం. బోరింగు చెడిపోయింది, ఇంటింటికీ కుళాయిలొచ్చాయి, ఎద్దులు పోయి ట్రాక్టర్లొచ్చాయి. తొట్టి దగ్గరికి నీళ్లు తెచ్చే దారి తెగిపోయింది. తూము బిరడా ఎప్పుడు పోయిందో ఎవరికీ పట్టలేదు. నీళ్లు లేని తొట్టి ఎవరికి ఏది దొరికితే అది వేసుకునే చోటైంది. మొదట చెత్త, తర్వాత ఇసుక, ఆ పైన ఇటుకలు. ఇప్పుడు సిమెంటు రోడ్డు వెడల్పు చేస్తున్నారు, కాంట్రాక్టరు అది అడ్డం అన్నాడు. అదే వారంలో కొనేవాళ్లు వచ్చారు. ఊరివాళ్లను తప్పు పట్టలేను. రామాలయం పైకప్పు కారుతోంది, నలభై వేలంటే చిన్న డబ్బు కాదు.

సాయంత్రం గుడి ముందు కూర్చున్నాం. నేను పెద్ద పెద్ద మాటలు తయారు చేసుకుని పోయాను, పాత ఊరు, పూర్వీకులు, చరిత్ర అని. కుర్రాళ్లు మర్యాదగానే విన్నారు కానీ వాళ్లలో ఏ కదలికా లేదు. వాళ్లు పాత ఊరు చూసినవాళ్లు కాదు, వాళ్లకు కొత్తూరే ఊరు. అప్పుడు గొర్రెలు మేపే మామ లేచాడు. "మీరు చరిత్ర ఏమన్నా చెప్పుకోండప్పా, నాకు నూట ఇరవై జీవాలున్నాయి. పొద్దు నడినెత్తిన ఉండగా వాటికి నీళ్లు యాడ తాపల్ల? ఊరి బయట తొట్టికి పైపు పగిలి ఏడాదైంది. దీన్ని నాకు నింపి పెట్టండి, గుడికి నా తరఫున అయిదు వేలు ఇస్తా" అన్నాడు. మా చిన్నమ్మ వెనక నుంచి "నాయనా, నీళ్లు పోస్తే తొట్టి, పోయకపోతే రాయే కదా, రాయిని ఎవరైనా అమ్ముతారు" అంది. నేను అరగంట చెప్పింది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

దాంతో చర్చ అమ్మడం నుంచి నింపడం మీదికి మారింది. గుడికి చందాలు వేసుకుందామన్నారు, కర్నూలులో, హైదరాబాదులో ఉన్న మావాళ్లం పదిహేను మంది ఫోన్లలోనే ఒప్పుకున్నాం. తొట్టిని జేసీబీతో నాలుగడుగులు వెనక్కి, రోడ్డు అంచు దాటించి పెడతానని కాంట్రాక్టరు తనంతట తానే అన్నాడు. అప్పుడొచ్చింది అసలు పేచీ. దిమ్మెల మీద పెడితే అంచు మూడడుగుల ఎత్తుకు వస్తుంది, గొర్రెలకు అందదు. దిమ్మెలు తీసేయమన్నాడు మామ. నాకు మనసొప్పలేదు. ఆ ఎత్తే అది గుర్రాల తొట్టి అనడానికి గుర్తు, జేజినాయన తన చేత్తో సరిచూసి పెట్టిన దిమ్మెలు అవి. ఆ రాత్రంతా ఆలోచించాను. పగ్గం కట్టే కంత ఎటూ పోదు, సూర్యచంద్రులు ఎటూ పోరు. తాగేవాళ్లకు అందని ఎత్తులో తొట్టిని నిలబెట్టుకుంటే లండన్ పూలతొట్టికీ దీనికీ తేడా ఏముంది? పొద్దున్నే పోయి దిమ్మెలు తీసేద్దామన్నాను. మూడు అంగుళాలు నేలలోకి దించి పెట్టారు, ఇప్పుడు అంచు అడుగున్నర ఎత్తులో ఉంది. గొర్రెపిల్లలు కూడా ముందుకాళ్లు ఎత్తి తాగుతున్నాయి. దిమ్మెలు రెండూ పక్కనే వేశాం, ముసలివాళ్లు కూర్చుంటున్నారు.

నింపే పని గురించి కూడా రాస్తాను, వేరే ఊళ్లలో ఇలాంటి తొట్లున్నవాళ్లకు పనికొస్తుంది. ముందు వట్టి కొబ్బరిపీచుతో, ఇసుకతో తోమాం, సబ్బు, పౌడరు ఏదీ వాడలేదు, వాటి వాసనకు జీవాలు మూతి పెట్టవు. లోపల సున్నం కొట్టి, ఆరనిచ్చి, మొదటి నీళ్లు పారబోశాం. పదిహేను రోజులకోసారి సున్నం కొడితే పాచి పట్టదు. దోమల సంగతి ఆశా కార్యకర్త ముందే హెచ్చరించింది, నిలవ నీళ్లలో దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు అని, అందుకని ప్రతి శుక్రవారం తూము తెరిచి పూర్తిగా ఖాళీ చేసి, తోమి, మళ్లీ నింపాలని పెట్టుకున్నాం. ఆ వాలు చెక్కిన మనిషి పుణ్యమా అని తూము తెరిస్తే చుక్క మిగలకుండా పోతుంది. పోయిన నీళ్లు పక్కన వేసిన రెండు వేపమొక్కలకు. వారానికి ఒక లైను వంతు. పిల్లి, కోడి ఏదైనా పడితే ఎక్కి రావడానికి లోపల ఒక మూలలో బండముక్క వాలుగా పెట్టాం.

మొదటి రోజు నింపినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కుళాయి పైపు వేసి గంటన్నర పట్టింది. నీళ్లు అంచుకు రాకముందే ఒక బర్రె తాడు తెంపుకుని వచ్చేసింది, తర్వాత మామ మంద దిగింది, ఒక్కసారిగా నూట ఇరవై తలలు తోసుకుంటుంటే నీళ్లు కళ్లముందే దిగిపోయాయి. పిచ్చుకలు అంచు మీద వాలాయి. చిన్నాయన తొట్టి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి, ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి "మోకు తెగినప్పుడు నా కాలు మీద పడాల్సింది, తెలుసా" అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు ఇబ్బంది ఒక్కటే, మధ్యాహ్నానికే తొట్టి అడుగంటుతోంది. పక్క ఊరి మందలు కూడా ఇటే వస్తున్నాయంట. రెండోసారి నింపడానికి మూడో లైనువాళ్లు ఒప్పుకున్నారు, నాలుగో లైనువాళ్లను అడగాలి. బిరడాకు ప్రస్తుతం చిన్నాయన గుడ్డ ఉండ కుక్కి నడిపిస్తున్నాడు, అది రోజూ కాస్త కాస్త కారుతోంది. కర్నూలులో మా వీధి చివర వడ్రంగి దగ్గర తుమ్మకర్రతో కొత్తది చెక్కించాను, మొదట లావుగా, కొనకు సన్నంగా, జానెడు పొడవు. ఈ శుక్రవారం వంతు మా లైనుది. గురువారం రాత్రి బస్సుకు పోతున్నాను.